మెడ దగ్గర మొదలుపెట్టిన స్వెట్టర్

నడివేసవిలో హైదరాబాదులో ఎవరైనా స్వెట్టర్ అల్లుతారా అని అడిగిన వాళ్ళందరికీ నేనిచ్చిన జవాబు ఒకటే. ఆ మాట నన్ను కాదు, మాదాపూర్‌లో ఆ అద్దాల భవనాలు లేపిన వాళ్ళను అడగండి. బయట తారు కరిగి చెప్పులకు అంటుకుంటుంటే లోపల మనుషులు వణుకుతూ పనిచేయడం లోకంలో ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు. మా కోడలు పొద్దున్నే ఆఫీసు వ్యాను ఎక్కేముందు మా అబ్బాయి ఫుల్‌చేతుల చొక్కా ఒకటి మడిచి సంచిలో పెట్టుకునేది. ఎందుకమ్మా అని అడిగితే, "కంప్యూటర్లు చల్లగా ఉండాలంట మామయ్యా, మనుషులు ఎట్లున్నా ఫరవాలేదంట" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. యంత్రం సుఖంగా ఉండటానికి మనిషి మొగుడి చొక్కా కప్పుకుని కూర్చోవాలా? ఆ పిల్లకు ఒక స్వెట్టర్ అల్లాలని ఆ రోజే అనుకున్నాను.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. అప్పుడు నాకెవరూ చెప్పలేదు కాబట్టి ఇప్పుడు చదివే వాళ్ళకైనా ఆ అన్యాయం జరగకూడదు. ఆ వేసవిలో మా కోడలు గర్భవతి. అంతకుముందు ఒకసారి కడుపు నిలవకుండా పోయింది. ఆ సారి ఆమె తల్లి సంబరం పట్టలేక నంద్యాల నుంచి పసిపిల్లల చొక్కాలు కుట్టించి తెచ్చింది. బిడ్డ పుట్టకముందే బట్టలు సిద్ధం చేయకూడదని ఆవిడకు తెలియక కాదు, ఆనందంలో మరిచిపోయింది. ఆ చొక్కాలు తరువాత ఏమయ్యాయో నేను అడగలేదు. అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

అందుకని ఈసారి అయిదో నెల వచ్చేదాకా మాట గడప దాటకూడదని ఆడవాళ్ళు గట్టిగా అనుకున్నారు. గడప లోపలే ఉన్న నాకు కూడా చెప్పలేదు. నా నోటి మీద నా భార్యకు ఎన్నడూ నమ్మకం లేదు. మా ఇంట్లో ఏం కూర వండారో మదీనాగూడ అంతా తెలిసేది నా వల్లేనని ఆవిడ అభియోగం. మా అబ్బాయికి తెలుసు, కింద వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మకు తెలుసు. నాకొక్కడికే తెలియదు. కోడలికి పొద్దున్నే వాంతులవుతుంటే, ఆఫీసు క్యాంటీన్లలో వాడే నూనెల గురించి భోజనాల దగ్గర నేను చాలాసేపు ఉపన్యసించాను. అందరూ తలలు వంచుకుని విన్నారు. నా మాటకు అంత విలువ ఇచ్చారని సంతోషించాను కూడా.

నేను బడికి పోయింది తక్కువ. మిలిటరీ డిపోలో స్టోరు పని దొరికి, హిమాలయాల కింద ఒక చిన్న ఊళ్ళో చాలా కాలం బతికాను. అక్కడ చలికాలం ఎండ కాస్తే చాలు, ఆడవాళ్ళంతా మిద్దెల మీద కూర్చుని ఊలు అల్లేవాళ్ళు. నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు ఒకసారి నన్ను చూసి, ఇది మగవాళ్ళ వల్ల అయ్యే పని కాదంది. అంతే. నా వల్ల కాదని ఎవరైనా అంటే ఆ పని నేర్చుకునేదాకా నాకు అన్నం సహించదు. ఇంగ్లీషు నాకు వచ్చింది కూడా ఆ దారినే. అక్కడ నేర్చుకున్న పద్ధతి ఏమిటంటే, వీపు ఒక ముక్క, ముందు భాగాలు రెండు, చేతులు రెండు, అన్నీ కింది అంచు దగ్గర మొదలుపెట్టి భుజం దాకా విడివిడిగా అల్లి, చివరికి సూదితో కలిపి కుట్టాలి. అల్లికకు అదొక్కటే దారి అని నా నమ్మకం.

ఒక ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల మధ్య అట్ట ఊడిన విదేశీ అల్లిక పుస్తకం కనిపించింది. అందులో ఒక కార్డిగన్. ఎక్కడా కుట్టు ఉండదట. మెడ దగ్గర మొదలుపెట్టి కిందికి అల్లుకుంటూ పోవాలట. ఇంటికి ముందు కప్పు వేసి, తరువాత గోడలు దించి, ఆఖర్న పునాది తవ్వమన్నట్టుంది. అక్కడే నిలబడి చదువుతుంటే ఒళ్ళు మండింది. కుట్టే అవసరమే లేకపోతే ఇన్నేళ్ళూ నేను కళ్ళు పోగొట్టుకుని కుట్టిందంతా ఏమిటి? బేరమాడి కొన్నాను. కోపం తెప్పించిన పుస్తకాన్ని అక్కడే వదిలేసి రావడం నా చేత కాదు.

సుల్తాన్ బజార్‌లో ఊలు దుకాణం అతను నన్ను ఎగాదిగా చూశాడు.

"గీ ఎండల ఊలు దేనికి పెద్దాయనా? జర కూసో, నీళ్ళు తాగు. ఎండదెబ్బ గిట్ట తగిలిందా?"

"ఊలు అమ్మే దుకాణానికి వచ్చి ఊలు అడిగితే ఎండదెబ్బా?"

"నారాజ్ గాకు. చలికాలం సరుకు మొత్తం అయిపోయింది. ఒక్కటే రంగు మిగిలింది, నసీబుంటే నీకు సరిపోతది."

కోడిపిల్ల ఒంటి రంగు, లేత పసుపు. అదే తెచ్చాను. రెండు మొనలనూ ఒక సన్నని తీగతో కలిపిన పొడవాటి సూది కూడా ఆ దుకాణంలోనే దొరికింది.

కోడలికని ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ పిల్ల, ఎందుకు మామయ్యా శ్రమ, దుకాణంలో కొనుక్కుంటానంటుంది. పైగా పూర్తికాని పని గురించి ముందే మాట్లాడటం నాకు పడదు. నోరు ఆగని మనిషినని నన్ను అనే వాళ్ళు ఇది గమనించలేదు.

మొదలుపెట్టాక నా బుర్ర తిరిగింది. ఆ పుస్తకంలో ప్రతి మాటనూ నరికి రెండక్షరాలు మాత్రం మిగిల్చారు. నా నిఘంటువులో ఆ ముక్కలు లేవు. బొమ్మలు చూసి, అల్లి, విప్పి, మళ్ళీ అల్లి, చివరికి కొంత పట్టుకున్నాను. మెడ చుట్టుకొలతకు సరిపడా కళ్ళు, అంటే సూది మీద నిలిచే ఊలు ఉచ్చులు, ఎక్కించాలి. వాటిని నాలుగు చోట్ల రంగు దారంతో గుర్తు పెట్టుకోవాలి. ఆ నాలుగు మూలల దగ్గరా వరస మార్చి వరస కళ్ళు పెంచుకుంటూ పోతే ముందూ, వెనకా, భుజాలూ అన్నీ ఒకేసారి విచ్చుకుంటాయి. కానీ నేను అల్లుతున్నది ఏ భాగమో నాకే తెలిసేది కాదు. ఇది వీపా, భుజమా? ఏది ఎక్కడ ఆగుతుంది? ఇన్నాళ్ళూ ముక్కలుగా అల్లినప్పుడు ప్రతి ముక్కకూ ఒక పేరుండేది. దీనికి ఏ పేరూ లేదు.

వరండాలో కూర్చుని అల్లుతుంటే మొదట చూసింది ఓనరమ్మ. బట్టలు ఆరేయడానికి మిద్దె మీదికి పోతూ మెట్ల మీద ఆగింది.

"ఏంది సారూ, ఊలా? ఎవరికి?"

"చెప్పను."

ఆవిడ ఆ పసుపుపచ్చ అల్లికను చూసింది, నన్ను చూసింది. బకెట్ అక్కడే పెట్టి, బట్టలు ఆరేయకుండానే కిందికి దిగిపోయింది. ఆడవాళ్ళకు మతిమరుపు ఎక్కువైందనుకున్నాను.

ఆ మరునాటి నుంచి ఇంట్లో ఏదో మారింది. నేను అల్లుతూ కూర్చుంటే కోడలు ఆ గదిలోకి వచ్చేది కాదు. వచ్చినా తల పక్కకు తిప్పుకుని పోయేది. ఊలు బుట్ట మంచం కింద పెడితే అటక మీదికి చేరేది. నేను దించితే మళ్ళీ ఎక్కేది. చివరికి నా భార్య నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఏవండీ, ఇప్పుడా ఇది అల్లేది?"

"ఇప్పుడైతే ఏం?"

"తెలిసే అడుగుతున్నారా, తెలియకా?"

"ఎండాకాలమనేగా? ఎండాకాలంలో చలి ఉండదని ఎవరు చెప్పారు నీకు?"

"మీతో మాట్లాడటం నాది బుద్ధి తక్కువ" అని వంటింట్లోకి పోయింది. ఆవిడ లెక్క ప్రకారం నేను సంగతి ఎలాగో పసిగట్టి, మనవడికో మనవరాలికో చొక్కా అల్లుతూ, అందరికీ చాటేలా వరండాలో కూర్చున్నాను. నా లెక్క ప్రకారం మగాడు సూదులు పట్టుకోవడం వాళ్ళకు నామర్దాగా ఉంది. ఒకే ఇంట్లో ఉండి, ఒకే కుండలో అన్నం తింటూ, ఇద్దరం రెండు వేర్వేరు తగాదాలు ఆడుతున్నామని నాకెలా తెలుస్తుంది?

ఇంట్లో అల్లనివ్వకపోతే ఊళ్ళో చోటు లేదా అని సంచి భుజాన వేసుకుని హఫీజ్‌పేట్ స్టేషనుకు పోవడం మొదలుపెట్టాను. ఎప్పుడో ఒక ప్యాసింజరు బండి వచ్చి పోతే ప్లాట్‌ఫారమంతా నాదే. వేపచెట్టు నీడన బెంచీ మీద ప్రశాంతంగా అల్లుకునేవాణ్ణి. అక్కడే మొదటిసారి ఆ అల్లిక కొంత తీరుకు వచ్చింది. ముందు భాగాలు రెండూ చిన్నగా, వీపు చిన్నగా, రెండు పక్కలా భుజాల మొగ్గలు. ఇలాగే అల్లుకుంటూ పోతే ఎప్పటికో చంకలదాకా వస్తుంది. అక్కడ చేతుల కళ్ళను వేరే దారానికి ఎక్కించి పక్కన ఉంచేసి, ఒళ్ళంతా ముందు అల్లుకోవాలి. చేతులు ఆఖర్న. ఆ పద్ధతి మీద నాకున్న కోపం మెల్లగా తగ్గుతోంది.

ఒక మధ్యాహ్నం అలా అల్లుకుని ఇంటికి వచ్చేసరికి తలుపుకు తాళం. ఓనరమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. నా చేతిలో పసుపు ఊలు చూడగానే ఆవిడ మొహం మారిపోయింది.

"గది చేతుల వట్టుకొని యాడ తిరుగుతున్నవ్ సారూ? కోడలిని దవాఖానకు తీస్కపోయిన్రు. ఆఫీసు వ్యాన్ల తెచ్చి దించిపోయిన్రు."

"దవాఖానా? ఏమైంది?"

"ఏమైందని నన్నడుగుతవా? పిల్ల పుట్టకముందే అంగీ అల్లుకుంట కూసున్నది నువ్వే గద!"

"ఏ పిల్ల?"

ఆవిడ గొంతు తగ్గించింది. "అయ్యో, నీకు ఎర్కలేదా? మూడో నెల సారూ. జర రక్తం కనవడ్డదట."

కడుపు, రక్తం, అంగీ, ఈ మూడింటికీ ఏ సంబంధమో కాసేపు నాకు అందలేదు. "ఇది పిల్లలకు కాదమ్మా. కోడలికి. ఆఫీసులో చలిగా ఉందంటే…" అన్నాను.

"గింత దాంట్ల కోడలు పడ్తదా?"

అల్లికను రెండు చేతులతో విప్పి పట్టుకుని చూశాను. చిన్న మెడ. అరచెయ్యంత ముందు భాగాలు. బొమ్మకు సరిపోయే భుజాలు. కోడిపిల్ల రంగు. ఎవరు చూసినా పసిబిడ్డ చొక్కా అనే అంటారు. అది పూర్తయ్యాక ఎలా ఉంటుందో నా ఒక్కడి తలలోనే ఉంది. మిగతా అందరికీ కనబడింది ఇదే.

సాయంత్రం ఆటోలో తీసుకొచ్చారు. కడుపుకు ఏమీ కాలేదు, కానీ మంచం దిగకూడదని డాక్టరమ్మ చెప్పిందట. నేను ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పాను, అది కోడలికేనని. ఒక్కరూ నమ్మలేదు.

"ఇప్పుడు మాట మార్చకండి" అంది నా భార్య.

కోడలు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. "మీరు అబద్ధం చెప్తారని కాదు మామయ్యా. దాన్ని నా కంటికి మాత్రం కనబడనీయొద్దు" అంది.

కోపం రావాల్సిన చోట నాకు రాలేదు. ఎవరి మీద రావాలో తెలియలేదు. దారానికీ గర్భానికీ ముడిపెట్టే మాటలను జన్మలో నమ్మని మనిషిని నేను. నంద్యాల నుంచి తెచ్చిన ఆ చొక్కాలు మాత్రం నా కళ్ళ ముందే ఉన్నాయి.

రెండో రోజుకు వియ్యపురాలు దిగింది. కూతురి దగ్గర కూర్చుని ఏడ్చి, మొహం కడుక్కుని, సూటిగా నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, మీరు పెద్దోళ్ళు. నేను ఒకసారి చేసిన తప్పుకే ఇంకా నిద్ర పట్టదు నాకు. ఏమిటికి అన్నా, మళ్ళీ ఇది? విప్పేయండి."

విప్పడం నాకు కష్టం కాదు. ఒక కొస పట్టి లాగితే మొత్తం ఊడి వస్తుంది, కుట్లు లేని పనిలో ఉన్న సుఖం అదే. కొస వెతికి పట్టుకున్నాను కూడా. అప్పుడే నాకొక అనుమానం వచ్చింది. ఎగతాళికి కాదు, నిజంగానే తెలియక అడిగాను.

"చెల్లెమ్మా, ఇది పిల్లల చొక్కా అని మీ అందరి నమ్మకం కదా. అల్లడమే తప్పయితే, అల్లిన చొక్కాను కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో విప్పి పారేయడం ఏమవుతుంది?"

ఆవిడ చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకుంది. "ఆగండి, ఆగండి. లాగొద్దు."

నా భార్య వంటింట్లోంచి వచ్చింది. సలహాకు ఓనరమ్మను పైకి పిలిచారు. "విప్పుడు మంచిగుండదు" అని ఆవిడ తేల్చింది. అల్లకూడదు, విప్పకూడదు. దాచిపెడితే సగంలో ఆగిన చొక్కా ఇంట్లో ఉన్నట్టే, అదీ కుదరదు. ముగ్గురు ఆడవాళ్ళూ ఆ పసుపు ముక్క చుట్టూ కూర్చుని దాన్ని పాము పిల్లను చూసినట్టు చూశారు. నేను ఎటూ కాకుండా మధ్యలో సూది పట్టుకుని కూర్చున్నాను.

చివరికి వియ్యపురాలే అంది. "అన్నా, ఇది బిడ్డది కాదు, పెద్దోళ్ళది అంటున్నారు కదా. అయితే పెద్దది చేయండి. తొందరగా చేయండి."

ఇక చూడండి. ఏ ఇంట్లోంచి నన్ను స్టేషనుకు తరిమారో ఆ ఇంట్లోనే ముందుగదిలో ఫ్యాను కింద కుర్చీ వేసి కూర్చోబెట్టారు. అడగకుండానే కాఫీ వచ్చేది. కరెంటు బిల్లు కట్టే పని, కూరగాయలు తెచ్చే పని అన్నీ మా అబ్బాయి నెత్తిన పడ్డాయి. నేను కాసేపు నడుం వాలిస్తే నా భార్య వచ్చి, "అప్పుడే పడుకున్నారే?" అనేది. వియ్యపురాలు గంటకోసారి వచ్చి అల్లికను జానతో కొలిచేది.

"ఇంకా ఏడాది బిడ్డకు సరిపోతుందన్నా. కానీయండి."

మరునాడు, "బడికి పోయే పిల్లదాని మాదిరి ఉంది" అంది. అలా ఆ చొక్కా మా కళ్ళ ముందే ఏళ్ళకేళ్ళు దాటుకుంటూ పెద్దదైంది. అది పెరిగిన కొద్దీ ఆవిడ గొంతులో భయం సన్నగిల్లింది. చేతుల కళ్ళను దారానికి ఎక్కించి పక్కన పెట్టేసి ఒళ్ళు అల్లడం మొదలుపెట్టాక, "ఇది యే పసిబిడ్డకూ పట్టదు. ఈడ చూడు వదినా, ఎంత వెడల్పో!" అని నా భార్యను కేకేసి చూపించింది. నా భార్య దాన్ని రెండు చేతులతో చాపి పట్టుకుని, నా వైపు చూసింది. ఆ చూపుకు అర్థం నేను ఇప్పటికీ అడగలేదు.

లోపలి గది తలుపు తెరిచే ఉండేది. మంచం మీది నుంచి కోడలికి నా మోచేతులు కనిపిస్తూ ఉండేవి. మొదట్లో అటు తిరిగి పడుకునేది. తరువాత వెల్లకిలా. ఒకనాడు డాక్టరమ్మ ఇక లేచి తిరగొచ్చంది. ఆ పూటే ఆ పిల్ల మెల్లగా వచ్చి నా కుర్చీ పక్కన నిలబడింది.

"నిజంగా నాకేనా మామయ్యా?"

"మొదటి నుంచీ అదేగా మొత్తుకుంటున్నాను."

"వేసి చూడొచ్చా?"

సూదిని తీయకుండానే, తీగతో సహా ఆమె భుజాల మీద వేశాను. పై నుంచి అల్లే పద్ధతిలో ఉన్న గొప్పతనం అదేనని పుస్తకం చెప్పింది, మధ్యలో తొడిగి చూసుకోవచ్చని. భుజాలు సరిగ్గా కూర్చున్నాయి. ముందు భాగాలు మాత్రం కడుపు దగ్గర కలవలేదు. కళ్ళు పెంచాలి. ఎన్ని పెంచాలి? ఇక ముందు ఆ కడుపు ఎంత పెరుగుతుందో ఏ పుస్తకంలోనూ లేదు. నేను తల గోక్కుంటుంటే ఆ పిల్ల నవ్వింది. ఊలు ఇంట్లోకి వచ్చాక నేను విన్న ఆమె మొదటి నవ్వు.

ఒళ్ళు పూర్తయింది, అంచు ముగిసింది, బొత్తాల పట్టీ పడింది. చేతులు మొదలుపెట్టబోతుంటే వియ్యపురాలు మళ్ళీ అడ్డం వచ్చింది.

"చేతులు ఇప్పుడొద్దన్నా. మొత్తం అయిపోయిందంటే దిష్టి పడుతుంది. కొంచెం కొరత ఉండనీయండి. బిడ్డ పుట్టినాక అల్లుదురు."

పాత పద్ధతిలో ముక్కలుగా అల్లి ఉంటే చేతులు లేని స్వెట్టర్ అంటే ఒట్టి ముక్కలే. ఇది మాత్రం తొడుక్కోవడానికి పనికొస్తుంది. ఆ సంగతి ఆవిడకు ఎలా తెలిసిందో, తెలియకుండానే అందో నాకు అంతుపట్టలేదు. దిష్టి అనే మాట మీద గంటసేపు వాదించగలను. వాదించలేదు.

కోడలు మళ్ళీ ఆఫీసుకు పోవడం మొదలుపెట్టింది, చంకల దగ్గర దారానికి గుచ్చిన పసుపు కళ్ళు వేలాడే చేతుల్లేని కార్డిగన్ వేసుకుని. లోపల మా అబ్బాయి చొక్కా. ఇదేం కొత్త ఫ్యాషనని తోటి పిల్లలు అడిగారట. "మా మామయ్య డిజైన్, ఇంకా టెస్టింగ్‌లో ఉంది అని చెప్పినా" అంది. ఆ మాటకు అక్కడ అందరూ నవ్వారట. నాకు అర్థం కాలేదు, అయినా నవ్వాను.

ఏడో నెలలో పుట్టింటికి పోతూ దాన్ని నాకే ఇచ్చి వెళ్ళింది. అది ట్రంకు పెట్టెలో ఉండగా నేను చాలాసార్లు తీసి చూశాను. చెయ్యి అల్లడానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. రోజూ ఖాళీగానే ఉన్నాను. అయినా సూది ముట్టలేదు.

ఫోను కింద ఓనరమ్మ ఇంట్లో ఉండేది. ఒక పొద్దున ఆవిడ మెట్ల కిందనుంచి అరిచింది, నంద్యాల ఫోనని. నొప్పుల మోకాళ్ళతో నేను దిగేసరికి నా భార్య రిసీవరు చెవికి పెట్టుకుని ఏడుస్తోంది. మాట లేదు, ఏడుపే. ఓనరమ్మ పక్కన నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

"ఏమైంది?" అన్నాను. "ఏమైందో ఒక్కరైనా చెప్పండి!"

నా భార్య రిసీవరు నా చేతిలో పెట్టింది. అవతల వియ్యపురాలు కూడా ఏడుస్తోంది. "అన్నా, ఆడబిడ్డ. ఇద్దరూ బాగుండారు" అంది. నాకు మంచి మాట ఒకటి అనాలని ఉంది, కానీ, "అక్కడ చలిగా ఉందా?" అని అడిగాను. "లేదన్నా, ఏమిటికి?" అంది ఆవిడ. తరువాత, "పిల్ల మీకు చెప్పమంది. ఇంక చేతులు అల్లుకోవచ్చంట" అంది.

పైకి వచ్చి కార్డిగన్ తీసి ఒడిలో పరుచుకున్నాను. దారం మీద ఉన్న కళ్ళను సూది మీదికి ఎక్కించబోయి ఆగిపోయాను.

"మళ్ళీ ఏం వచ్చింది?" అంది నా భార్య. ఆవిడ కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి.

"ఏ చెయ్యి ముందు?"

"కుడిచెయ్యి. అందులో కూడా సందేహమా?"

"నా ఒడిలో ఇలా ఉంటే ఏది కుడి? నాకు కుడివైపా, తొడుక్కునే వాళ్ళకు కుడివైపా?"

ఆవిడ నన్ను తిట్టబోయి, తనూ ఒకసారి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తేలలేదు. చివరికి కార్డిగన్‌ను చీర మీదే తొడుక్కుని, నా ముందు నిలబడి, కుడిచెయ్యి చాపింది.